మాట తెగని నడక

రా బిడ్డా, ఈ చాప కొసకు జరిగి కూర్చో. గుజరాత్ పోయి లింబాయత్‌లో సాంచాలు, అదే కరెంటు మగ్గాలు, నడిపిన సోమలింగానికి సిగ్గు ఎంత పని చేసిందో విను.

అక్కడ ప్లేగు వచ్చి పోయిన మరుసటి ఏడు, మగ్గం ముందరే అతనికి గుండెపోటు వచ్చింది. ఎలాగో బతికి బయటపడ్డాడు. డాక్టరు గుజరాతీ ఆయన. "రోజూ పొద్దున నడువు. భార్యతో మాట్లాడుతూ నడువు. ఆయాసంతో మాట తెగిందంటే నడక తగ్గించు. ఛాతీ పట్టేస్తే కూర్చుని ఈ మాత్ర నాలుక కింద పెట్టుకో" అని పంపాడు.

జేబులో మందుంటే రోగిష్టివాడంటారని సోమలింగం మాత్రలను భార్య స్వరాజ్యానికి ఇచ్చేశాడు. ఆమె కొంగున ముడివేసుకుంది.

అసలు చిక్కు మాటలతోనే. ఏళ్ల తరబడి సాంచాల మోతలో నలిగిన చెవులాయె, అతను గుసగుసలాడినా గల్లీ అంతా వినాల్సిందే. పైగా చేతిలో సంచైనా లేకుండా, మొగుడూ పెళ్లాం ముచ్చట్లాడుకుంటూ బజార్లో తిరగడమా!

చాయ్ బండి దగ్గర, అతని పక్క సాంచాలు నడిపే గంగారాం చూడనే చూశాడు. "ఏంది బావా, మళ్ల పెండ్లికొడుకువైనవా? అక్కను ఏ సినిమాకు తీస్కపోతున్నవ్?"

నలుగురూ నవ్వారు. సోమలింగానికి తల కొట్టేసినట్టయింది.

"జర ఎనక రా" అన్నాడు భార్యతో. మెల్లగానే అన్నాననుకున్నాడు. అదీ వినబడి మళ్లీ నవ్వారు. ఇక కుక్కలు తరిమినట్టు నడక అందుకున్నాడు.

"ఓ సుమన బాపూ! గంత ఉరుకుడేంది? నిలబడు!" స్వరాజ్యం మోకాళ్ల నొప్పులతో వెనక నుంచి పిలుస్తూనే ఉంది. కూతురి పేరు చెప్పి పిలిచినా అతను వినబడనట్టే పోయాడు.

రైలు గేటు దగ్గర ఛాతీ పట్టేసింది. ఒళ్లంతా చెమట. గట్టు మీద కూలబడ్డాడు. వెనక్కి తిరిగి ఆమె కోసం చెయ్యెత్తాడు.

స్వరాజ్యం చెప్పులు ఎక్కడ వదిలిందో, కుంటుకుంటూ ఉరికొచ్చింది. ముడి విప్పి మాత్ర నాలుక కింద పెట్టింది. వెనకే వచ్చిన గంగారాం రిక్షా ఆపి, "నా నోరు పాడుగాను" అంటూ ఇద్దరినీ ఎక్కించాడు.

దవాఖానలో పరీక్షలయ్యాక డాక్టరు అడిగాడు: "మాట్లాడుతూనే నడిచావా?"

"మాట్లాడిండు సారూ. తొవ్వ పొడుగునా మాట్లాడిండు" అంది స్వరాజ్యం, తనకొచ్చిన హిందీలో.

ఆమె పాదం నుంచి నెత్తురు కారుతోంది. అది చూశాడు సోమలింగం. గంగారాం నవ్వినప్పుడు పడ్డ సిగ్గు దీని ముందు ఏపాటి!

"అబద్ధం సారూ" అన్నాడు. బెంచీల మీదివాళ్లంతా తిరిగి చూశారు. "పెండ్లాంతోని నడుసుడు సిగ్గని, ఇడిశిపెట్టి ఉరికిన."

"మెల్లగయ్యా, అందరింటున్నరు" అని ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"ఇననీ." తల మాత్రం ఎత్తలేదు.

డాక్టరు మళ్లీ నడవమన్నాక, మాత్రలు తన జేబులోనే వేసుకుని, ఆమె మోకాళ్లు ఎంత పోనిస్తే అంతే నడిచాడు. సిగ్గు పోయిందనుకునేవు! చాయ్ బండి దాటేదాకా మొహం కందిపోయే ఉంది. ఏం మాట్లాడాలో తోచక, "నిన్న పప్పుల ఉప్పెక్కువైంది" అని మొదలుపెట్టాడు. ఆమె ఊరుకుంటుందా!

ఇది మరవకు బిడ్డా. గుండె జబ్బు మనిషి ఒక్కడే మూతి బిగించుకుని ఉరుకుతుంటే ఆపి, పక్కన కూర్చోబెట్టుకుని ఈ ముచ్చట చెప్పు.