నర్సు మరిచిపోయిన కొమ్ము

నేను ఒక ఇత్తడి గిన్నెను. అజ్జరంలో కంచరి సుత్తి దెబ్బలు తిని ఈ గుండ్రని రూపానికి వచ్చాను. మొదట ఒక మిఠాయి కొట్టులో పాకం కాశాను. ఆ కొట్టు మూతపడ్డాక నరసాయమ్మ అత్తగారు నన్ను కొని, ఏళ్ళ తరబడి నాలో పరమాన్నాలూ, నూనె తేలే పులుసులూ వండించింది. తిన్నవాళ్ళు నా పొట్టను మెచ్చుకున్నారు గానీ తమ పొట్టలను పట్టించుకోలేదు.

అత్తగారు పోయింది, తర్వాత భర్త పోయాడు. నరసాయమ్మ అరవై రెండో ఏట అక్షరాలు నేర్చుకుంది. అప్పటినుంచి గోడమీద ఏ రాత కనిపించినా తప్పులు వెతకడం ఆమెకు అలవాటైంది.

పోయిన నెల ఆమె చెల్లెలు సత్యవేణి బీపీ పెరిగి ఆసుపత్రిలో పడి లేచింది. ఉప్పు ఎక్కువైతే మళ్ళీ ప్రాణం మీదికి వస్తుందనీ, కాగితంలో ఉన్నంతే వెయ్యాలనీ చెప్పి, కూరగాయల సూపు చేసే పద్ధతి నర్సు రాసిచ్చింది. నరసాయమ్మ చెల్లెల్ని ఇంటికి తెచ్చుకుని, నాకు కళాయి పోయించింది.

సొరకాయ, క్యారెట్, బీన్స్ ముక్కలు నాలో మెత్తగా ఉడికాయి. ఆమె కాగితం తీసింది. 'అర చెంచా ఉప్పు' అని ఉంది.

"అ కి దీర్ఘం లేదు, ర కి కొమ్ము లేదు. పాపం, నర్సమ్మకి చదువు సరిగ్గా అబ్బలేదు" అని జాలిపడి, పెన్సిలుతో రెండూ దిద్దింది. చూడకుండా ఉప్పు వేయగల చెయ్యి ఆమెది. ఆ పూట చేతిని కాదని కాగితాన్ని నమ్మింది. ఆరు చెంచాల ఉప్పు నాలో పడింది. ఎంగిలవుతుందని ఆమె వంట రుచి చూడదు. నాకా, చెప్పడానికి నోరు లేదు.

సత్యవేణి మొదటి గుక్క నోట్లో పోసుకుని కిటికీలోంచి ఊసేసింది.

"అక్కా, ఇది సూపా, సముద్రమా?"

నరసాయమ్మ చేతిలోంచి గరిటె జారిపోయింది. "మింగావా? నిజం చెప్పవే, మింగేశావా?"

"మింగితే ఇలా మాట్లాడతానా? నువ్వూ కాస్త చూడు."

ఆమె వేలు ముంచి నాకింది. కాగితం వెలుగులో పెట్టి, పెన్సిలు గీతలు వదిలేసి, నర్సు అక్షరాలు మాత్రం కూడబలుక్కుంది. అ... ర. అర. అక్కడే చతికిలబడింది. ఆసుపత్రినుంచి వచ్చాక సత్యవేణి నవ్వడం నేను వినడం అదే మొదలు.

"నవ్వకే. నర్సమ్మకి చదువొచ్చు, నాకే రాలేదు."

"నీకూ వచ్చులే అక్కా. కాస్త ఎక్కువొచ్చింది, అంతే."

మళ్ళీ ముక్కలు తరిగారు. అర చెంచా ఉప్పు, చిటికెడు మిరియాల పొడి, దించాక నిమ్మరసం. ఈసారి నరసాయమ్మ అరచేతిలో రెండు చుక్కలు వేసుకుని రుచి చూసింది. "ఎంగిలైతే అయింది, తాగు" అంది. సత్యవేణి రెండు కప్పులు తాగింది.

ఇప్పుడు రోజూ సాయంత్రం ఇద్దరికీ అదే. సత్యవేణి పాదాల వాపు తగ్గింది. నూనె జిడ్డు లేదు కనక, నన్ను తోమడానికి చింతపండు పట్టించి గంటసేపు రుద్దే పని తప్పింది. రెండు చెంబుల నీళ్ళు పోస్తే సరి. ఇన్నేళ్ళలో నా ఒళ్ళు ఇంత తేలిగ్గా ఎప్పుడూ లేదు.