మాస్టారి దిష్టిపిడత, నా పొగగొట్టం

నేను ఒక రాగి బాయిలరుని. కడుపులో నిప్పు, చుట్టూ నీళ్ళు పెట్టుకుని బతికినదాన్ని. ఇత్తడి, రాగి సామాన్ల ఊరు అజ్జరంలో సుత్తి దెబ్బలు తిని పుట్టాను. మనుషులు పెరిగాక దెబ్బలు తింటారు. మేము తిన్నాకే పెరుగుతాం.

తణుకులో సైన్సు మాస్టారు వీర్రాఘవులుగారు నన్ను వేలితో కొట్టి, చెవి ఆనించి విని, పాసు చేసి ఇంటికి తెచ్చుకున్నారు. ముప్ఫై ఏళ్ళు ఆయనే రాజేశారు, ఆయనే చింతపండుతో తోమారు. నన్ను తోమినంత శ్రద్ధగా పాఠాలు చెప్పి ఉంటే ఊరినిండా శాస్త్రవేత్తలే ఉండేవారని భార్య మంగతాయారుగారి దెప్పు. నేను పొంగిపోయేదాన్ని. పొగ వదిలే జాతిదాన్ని, పొగడ్త వదులుకుంటానా?

ఈ మధ్య వాళ్ళమ్మాయి పుట్టింటికొచ్చి ఆడపిల్లను కన్నది. బాలింత నడుం మీద కాగిన నీళ్ళు పడాలి. ఆ పూచీ నాది. చూడవచ్చిన ప్రతివాళ్ళూ “ముద్దబంతిలా ఉందర్రా!” అనడం మొదలెట్టారు. దిష్టి అంటే బల్ల గుద్ది నవ్వే మాస్టారు, ఇంటిల్లిపాదీ కునుకు తీస్తున్న మధ్యాహ్నం, మసిపిడతకి సున్నం బొట్లు పెట్టి డాబా ఎక్కారు. ఇంటికల్లా ఎత్తయినది నా పొగగొట్టమే. దాని మూతి మీద పిడత బోర్లించి దిగిపోయారు. వీధిలోంచి చూస్తే కనబడేదే. తమ ఇంటి నెత్తి తాము చూసుకునేవాళ్ళెవరు?

మర్నాటి నుంచి స్నానాలగది పొగమయం.

“ఏవండీ! పసిగుడ్డు దగ్గలేక చస్తోంది! కట్టెలు పచ్చివేమో చూడండి!”

ఎండు సరుగుడు వచ్చింది. పొగ పోలేదు. బూడిద లాగారు. పోలేదు. చివరికి గిన్నెలకు మాట్లు వేసే నూకరాజును పిలిచారు. అతను ఒకప్పుడు మాస్టారి దగ్గర చదివినవాడే.

“కట్టెలు బాగున్నాయండి. గాలాడుతోందండి. గొట్టంలో మసి అట్టకట్టుంటదండి,” అని కడ్డీకి గోనెగుడ్డ చుట్టి కింది నుంచి పొడిచాడు. మసి రాలి అతని మొహం నాకంటే నల్లబడింది. కడ్డీ గొట్టం వంపు దాకానే అందింది. మళ్ళీ రాజేస్తే మళ్ళీ పొగ.

“ఆయ్, ఇంక చూడాల్సింది పైనేనండి. ఓసారి డాబా ఎక్కొస్తానండి మాస్టారూ.”

అప్పటికే ఆయనకు అర్థమైంది. పిడత తీస్తే బిడ్డకు దిష్టి, చెబితే తనకు తలవంపులు. నీళ్ళున్నది నాలో, నమిలింది ఆయన.

“వద్దురా. మెట్లు పాకుడు పట్టాయి. లోపల రాగి పల్చబడిపోయిందిలే. ముసలిదైపోయింది. తీసుకుపో.”

మసి పూసి మారేడుకాయ చెయ్యడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. మసీ నాదే, మారేడుకాయనూ నేనే. గొంతెత్తి అరుద్దామంటే, మూసింది గొంతే కదా!

ఇంట్లోకి గీజరొచ్చింది. పిడతా, దాని కింది పొడుగు గొట్టమూ డాబా మీదే ఉండిపోయాయి. నేను నూకరాజు పెరట్లో తేలాను. ముక్కలు చేసే ముందు ఎక్కడైనా కారుతోందేమో చూద్దామని అతను రాజేశాడు. పొగ నిటారుగా పైకి పోయింది. “ఓర్నీ!” అని సుత్తి పక్కన పడేశాడు.

ఇరవై ఒకటో రోజు, బిడ్డ బారసాల. పొద్దున్నే కరెంటు పోయింది. మాస్టారూ మంగతాయారుగారూ బకెట్టు పట్టుకొచ్చారు.

“నూకరాజూ, కాసిని వేణ్ణీళ్ళుంటే పొయ్యి నాయనా.”

“ఉన్నాయండమ్మగారూ. మీ బాయిలరే కాస్తోందండి. చుక్క పొగ లేదు, చూడండి.”

“మనదేనా? బాగైపోయిందా! ఏవండీ, ఇంటికి తెచ్చేసుకుందామండీ!”

మాస్టారు నా వంక చూశారు. ఒక్క మాటంటే ఇంటికెళ్ళిపోతాను. నిప్పు బిగబట్టుకుని విన్నాను.

“మనది కాదే. మనది ఇంకా పెద్దది.”

నూకరాజు బకెట్టు అందుకుని నా కుళాయి కింద పెట్టాడు. “ఆయ్… మాస్టారు కాదంటే కాదేనండి.”

ఒక్క గుప్పెడు పొగ మాస్టారి మొహం మీద ఊదుదామనుకున్నాను. కానీ బారసాల బిడ్డకు స్నానం. కాగిన నీళ్ళే ఇచ్చాను.

నా కుళాయికి ఒక జబ్బుంది. కట్టేశాక ఎడమకి కాస్త నొక్కి పట్టుకోకపోతే చుక్క ఆగదు. ఆ కిటుకు నూకరాజుకి ఇంకా దొరకలేదు. కింద ఎప్పుడూ చెంబు పెడతాడు.

బకెట్టు నిండింది. మాస్టారు కుళాయి కట్టేసి, ఎడమకి నొక్కి పట్టుకున్నారు. చుక్క ఆగిపోయింది.

నూకరాజు ఆ చేతి వంకే చూస్తున్నాడు. మాస్టారు చెయ్యి తీసుకుని, ఉత్తరీయంతో తుడుచుకుని, “వస్తాంరా” అన్నారు, అతనితో.