కోడలి మిక్సింగ్

ఆ వీడియో స్టూడియోలో, తీసిన వీడియోలని కత్తిరించి అతికించే మిక్సింగ్ కుర్చీ మామగారిది. కోడలు కాలేజీలో సినిమా గురించి చదువుకుని వచ్చినా ఆమెకు దక్కింది కౌంటరు. పాస్‌పోర్టు ఫొటోలకి వచ్చినవాళ్లని గడ్డం కాస్త పైకెత్తమనడం.

మామగారి పద్ధతిలో తెర మీద మనిషి గేటు తీయాలి, చెప్పులు విప్పాలి, మెట్లెక్కాలి. అప్పుడే ఇంట్లోకి వచ్చినట్టు. మధ్యమధ్య తిరిగే పువ్వులు, ఎగిరే గుండె బొమ్మలు. చుట్టాల్లో ఒక్క మొహం తప్పినా వీధిలో తలెత్తుకోలేమనేవాడు.

ఒక బస్సు డ్రైవరు రిటైర్మెంటు ఫంక్షను వీడియో తీసొచ్చిన మర్నాడే మామగారికి నడుం పట్టేసింది. మిక్సింగ్ కోడలికి వదలక తప్పలేదు. వీడియో చేయించుకున్న పార్టీ మెచ్చుకుంటే కుర్చీ నీది, లేకపోతే మళ్లీ ఆ మాటెత్తకు అని మంచం మీంచే తీర్పు చెప్పాడు.

ఒకప్పుడు కొందరు సినిమావాళ్లు వరసగా కథ చెప్పడం విసుగెత్తి, నడకలో మధ్య అడుగులు కోసేశారనీ, ఖాళీ గదిని అలా చూపిస్తూ కూర్చున్నారనీ, మిగతాది చూసేవాడే పూరించుకుంటాడని నమ్మారనీ ఆమె చదివింది. ఆ నమ్మకాన్ని తీసుకెళ్లి డ్రైవరుగారి మీద ప్రయోగించింది. గేటు దగ్గరున్న మనిషి మరుక్షణం వేదిక మీద తేలాడు. ఆయన పెద్దక్క ప్రసంగం ఎక్కిళ్లలా తెగి తెగి వచ్చింది. దండం పెట్టింది, కళ్లు తుడుచుకుంది, కూర్చుంది. తమ్ముణ్ని పెంచి పెద్దచేసిన కథంతా గల్లంతు.

వీడియో ఇచ్చిన మర్నాడే అక్కా తమ్ముడూ స్టూడియోలో దిగారు. ఇంట్లో అందరూ పెన్‌డ్రైవ్ చెడిందనుకున్నారట. అల్లుడు నోటితో ఊదాడట, కూతురు కొంగుతో తుడిచిందట, ఆఖరికి టీవీ నెత్తిన కూడా ఒకటిచ్చి సగంలోనే కట్టేశారట. మామగారు నడుం పట్టుకుని వచ్చి, వీడియో పెట్టించి చూసి, మొహం మాడ్చుకున్నాడు. పిల్లకి తెలీక చేసింది, మొత్తం మళ్లీ చేసిస్తానని సర్దబోయాడు.

అంతలో తెర మీదికి చివరి ముక్క వచ్చింది. ఆఖరి ట్రిప్పు అయిపోయింది. జనం దిగిపోయారు. డ్రైవరు స్టీరింగు మీద చెయ్యేసి ఊరికే కూర్చున్నాడు. పాట లేదు, పువ్వు లేదు. కూర్చునే ఉన్నాడు. ఎప్పటికో అద్దం తుడిచి, తాళం తీసుకుని దిగాడు.

డ్రైవరు తెర దగ్గరికి జరిగాడు.

"ఇదెప్పుడు తీశారండీ? అక్కడెవరూ లేరనుకున్నానే."

కోడలు మామగారి వైపు చూసింది. బస్సులో స్టాండు మీద కెమెరా ఆపడం మరిచి టీకి వెళ్లొచ్చానని, బ్యాటరీ దండగైందని ఆ రోజు ఆయనే విసుక్కున్నాడు.

"మిమ్మల్ని కదిలించకూడదని నేనే పక్కకి తప్పుకున్నానండీ," అన్నాడు మామగారు, ఏమాత్రం తడబడకుండా.

"అయితే దీన్ని ముట్టుకోకండి. ముందుదీ ఉండనివ్వండి. రెండోసారి చూస్తే బాగానే ఉంది," అన్నాడు డ్రైవరు.

"మరి నా ప్రసంగం గతేమిటిరా?" అంది పెద్దక్క.

"మీకు విడిగా, పొల్లుపోకుండా, పువ్వులతో సహా నేను చేసిస్తానమ్మా," అన్నాడు మామగారు.

"గుండెలు కూడా వెయ్యండి," అందావిడ సగం చల్లబడి.

వాళ్లు వెళ్లాక మామగారు అలవాటుగా మిక్సింగ్ దగ్గరి మెత్త కుర్చీ దాకా వెళ్లి, ఆగి, కౌంటరు దగ్గరి ప్లాస్టిక్ కుర్చీని పక్కకి లాక్కుని కూలబడ్డాడు.

"ఊఁ, కూర్చోవమ్మా," అన్నాడు మెత్త కుర్చీ చూపిస్తూ. "ఆదివారం ఇంకో ఫంక్షనుంది. కెమెరా ఎక్కడ వదిలేసి వెళ్లాలో చెప్పు."