అన్నపూర్ణ చెయ్యి

రావమ్మగారికి మనవరాలంటే ప్రాణం, మైల అంటే భయం. ఈ రెంటికీ రోజూ సాయంత్రం నూతి దగ్గర తగువు పడేది.

బంటుమిల్లి ఆడపిల్లల బడిలో ఒకటో తరగతి చెప్పే ఎలీసబెతు ఊరి చివర మాలపల్లెలో పుట్టిన క్రైస్తవుల అమ్మాయి. బందరులో ట్రైనింగు అయి వచ్చింది. అందుకని అన్నపూర్ణ బడినుంచి రాగానే, గడప తొక్కకముందే, రావమ్మగారు చేద పట్టుకుని ఎదురొచ్చేది.

“పంతులమ్మ ముట్టుకుందా?”

“చెయ్యి పట్టుకుని దిద్దించింది నానమ్మా.”

అంతే, నెత్తిన నూతినీళ్లు. చలికాలం వచ్చేసరికి పిల్లకు దగ్గు పట్టుకుంది. “ఇది తగ్గకపోతే బడి మాన్పించేస్తా” అంది రావమ్మగారు, తప్పంతా బడిదే అయినట్టు.

మర్నాటినుంచి అన్నపూర్ణ రోజూ ఒకటే మాట: “ఇవాళ ముట్టుకోలేదు.” స్నానాలు ఆగాయి, దగ్గూ తగ్గింది. కానీ పక్కింటి పిల్ల గుణింతాలు రాస్తోంటే అన్నపూర్ణకు ‘అ’ కూడా కుదరడం లేదు. రావమ్మగారికి ఒళ్లు మండిపోయింది. మా పిల్లంటే ఇంత అలుసా అనుకుంటూ పంతులమ్మను కడిగేద్దామని బడికి బయల్దేరింది.

పిల్లలంతా ఇసక పరుచుకుని కూర్చున్నారు. ఎలీసబెతు ఒక్కొక్కరి దగ్గర వంగి, చెయ్యి పట్టి దిద్దిస్తోంది. తన దగ్గరికి రాగానే అన్నపూర్ణ రెండు చేతులూ వెనక దాచేసుకుంది.

“ఏమమ్మా పంతులమ్మా, మా పిల్లకెందుకు దిద్దించవు?”

ఎలీసబెతు కంగారుగా లేచింది. “పట్టుకోబోతే ఏడుస్తోందండి. మీరు నీళ్లు పోస్తారట, మళ్లీ దగ్గొస్తే బడి మాన్పిస్తారట. బడి మానను టీచరుగారూ, నన్ను ముట్టుకోకండి అంటోందండి.”

ఇంత చిన్న ప్రాణం ఇన్నాళ్లూ ఇంత భయం మోసిందా అని రావమ్మగారికి సిగ్గేసింది. అక్కడే నేలమీద చతికిలబడి, మనవరాలి చెయ్యి ముందుకు లాగింది. ఎలీసబెతు అలవాటుకొద్దీ ఒక అడుగు వెనక్కి వేసింది. రావమ్మగారు ఆ అమ్మాయి మణికట్టు అందుకుని, తెచ్చి పిల్ల చేతిమీద పెట్టింది.

“పట్టుకో తల్లీ. గట్టిగా పట్టుకో.”

అన్నపూర్ణ బెదిరిపోయి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత నానమ్మ చెవిలో గుసగుసగా అడిగింది.

“నువ్వు కూడా ముట్టుకున్నావు కదా నానమ్మా. మరి నీకు నీళ్లు ఎవరు పోస్తారు?”

“ఎవరూ పొయ్యరు లేవే” అంది రావమ్మగారు పమిట చెంగుతో కళ్లు తుడుచుకుంటూ. “నువ్వు దిద్దు.”