పొగ పట్టిన ఇల్లు

మొదట్లో భానుప్రకాశ్ చేతిలో ఉన్నవి ఇవి: మోండా మార్కెట్ పక్కన ఒక బట్టల కొట్టు, దెబ్బతిన్న సరుకును చవకగా కొని మంచి ధరకు వదిలించుకునే నేర్పు, పొగ సోకితే ఆయాసం వచ్చే భార్య అనుపమ. గోదాముల్లో తడిసిన తానులు, మంటల పక్కన పొగ పట్టిన చీరలు అతని వ్యాపారం. వాటిని డాబా మీద ఆరేసి, సాంబ్రాణి పట్టించి, కొత్త కవర్లలో పెడితే జనం కొనుక్కుపోయేవారు. తిరిగి తెచ్చినవాళ్ళు లేరు.

అందుకే లాలాగూడలో పేతురు ఇల్లు అమ్మకానికి వచ్చిందని వినగానే వెళ్ళాడు. రైల్వే వర్క్‌షాపులో రిటైరైన పేతురు ఓ ఆదివారం హాల్లో బ్యాటరీ స్కూటరుకు ఛార్జింగ్ పెట్టి చర్చికి వెళ్ళాడు. వచ్చేసరికి అది అంటుకుని ఉంది. గోడలు నిలిచాయి గానీ సోఫాలు, పరుపులు, వైర్లు కాలిన పొగ ఇల్లంతా పట్టేసింది.

"దాచిపెట్టి అమ్మితే దేవుడు ఒప్పడు సేట్. ఎంత కడిగినా వాసన పోతలేదు," అన్నాడు పేతురు.

భానుప్రకాశ్ ఆ మాటే పట్టుకుని ధర ఇంకా తెగ్గొట్టాడు. పేతురు బేరం చేయకుండా సంతకం పెట్టి యాప్రాల్‌లో అద్దె ఇంటికి వెళ్ళిపోయాడు.

మసి గోడలను ముందు కడిగి, బాగా ఆరనిచ్చి, ఆ తర్వాతే రంగు వేయాలని భానుప్రకాశ్‌కు తెలుసు. కానీ పంతులు పంచాంగం తిరగేసి, ఈ గురువారం దాటితే మూఢం, రెండు నెలల దాకా గృహప్రవేశానికి ముహూర్తం లేదన్నాడు. సొంతిల్లు ఖాళీగా పెట్టుకుని ఏ.ఎస్. రావు నగర్‌లో అద్దె కట్టడం అతనికి మింగుడుపడలేదు. కడిగించడం మానేసి మసి మీదే రెండు పూతలు వేయించాడు.

గురువారం హోమం జరిగింది. నెయ్యి, సమిధలు, సాంబ్రాణి పొగతో ఇల్లు నిండిపోయింది. చుట్టాలు గుమ్మంలోనే గట్టిగా గాలి పీల్చి, గుడిలోకి వచ్చినట్టుందన్నారు. అనుపమ పీటల మీద కాసేపే కూర్చుని, ఇన్‌హేలర్ పట్టుకుని వరండాలోకి వచ్చేసింది. కాలిన వాసన ఏమైనా తెలుస్తోందా అని అతను అడిగితే, ఇంత పొగలో ఏం తెలుస్తుందంది. దాన్ని అతను వాసన లేదన్న లెక్కలో వేసుకున్నాడు. ఆ సాయంత్రమే అద్దె ఇంటి తాళాలు ఓనరుకు ఇచ్చేశాడు.

ఆదివారానికి హోమం వాసన పోయింది. కాలిన రబ్బరు వాసన, కాలిన దూది వాసన బయటపడ్డాయి. వానలు మొదలయ్యాక తెల్లటి పూత మీద పసుపు చారలు దిగాయి. అతను పళ్ళాల్లో బొగ్గులు పెట్టాడు. గదికో గిన్నె వెనిగర్ ఉంచాడు. రంగు గీకించి సబ్బునీళ్ళతో కడిగించాడు, స్విచ్ బోర్డులు మార్చాడు, కిటికీ తలుపులు పీకించాడు. చేసిన ప్రతిసారీ వాసన ఒక పూట తగ్గేది, తలుపులు మూయగానే మళ్ళీ వచ్చేది. అనుపమకు పిల్లికూతలు పట్టుకున్నాయి. ఆసుపత్రిలో చేర్చి తెచ్చాక, ఆమెను ఆ ఇంట్లో ఉంచొద్దని డాక్టరు చెప్పాడు. అనుపమ తన చెల్లెలు నవత ఇంటికి వెళ్ళింది. వాసన పోయిన రోజు వస్తానంది.

కొట్టులో కూర్చుని అతను ఆలోచించాడు. ఇన్నేళ్ళలో తను ఏ చీర నుంచీ పొగ తీసింది లేదు. కొన్నవాళ్ళు దాన్ని తమ బీరువాల్లోకి పట్టుకుపోయారు, అంతే. ఇంటినలా పట్టుకుపోయేవాళ్ళు లేరు.

దసరా ముందు హాలు ప్లాస్టర్ ఊడగొట్టించి కొత్తగా చేయించాడు. ఈసారి ఏ మూల నిలబడ్డా అతనికి వాసన తగల్లేదు. ఫోన్ చేసి రమ్మన్నాడు.

అనుపమ నవతతో కలిసి వచ్చింది. హాలు మధ్యలో నిలబడి మెల్లగా గాలి పీల్చింది. తడి సిమెంటు వాసనకు ఆమె మొహం విచ్చుకుంది. సామాను ఎప్పుడు తెద్దామని అడగడానికి అతను దగ్గరికి వెళ్ళాడు. ఆమెకు దగ్గు తెర వచ్చింది.

"పోయిందనుకున్న. మీరు దగ్గరికి రాంగనే వచ్చింది," అంది ఊపిరి అందాక. "మీ అంగీకి పట్టింది, వెంట్రుకలకు సుత పట్టింది. లోపలి రూముల నుంచి ఇంకా వస్తనే ఉంది."

"నాకైతే ఏం వస్తలేదు, అనూ."

"మీకు రాదు. అలవాటైంది."

"ఏంది బావా, ఇల్లు సగం ధరకు వస్తదని ముక్కు సుత ఇచ్చేసినవా?" అంది నవత. అక్కను పట్టుకుని ఆటో ఎక్కించింది. మళ్ళీ ఎప్పుడు వస్తావని అతను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆటో మలుపు తిరిగాక అతను గేటు దగ్గరే నిలబడి, పోయినవి లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు. వచ్చినవి తక్కువ కాబట్టి అవి చూసుకున్నాడు. తన పేరున ఒక ఇల్లు. అందులో తనొక్కడికి ఇబ్బంది లేకుండా నిద్ర పడుతుంది.