కళావరు జాకీ వచ్చినప్పుడు

ఎగ్గర్ట్‌కి యాభై ఎనిమిదేళ్ళు. ఆరో ఏటి నుంచీ అతని కుడిభుజం అతని మాట వినదు. ఉన్నట్టుండి ఎగిరి చెవికి తగులుతుంది, వెంటనే గొంతులోంచి ఓ మూలుగు. "కాస్త అణుచుకోవయ్యా" అని సలహా ఇవ్వని మనిషి ల్యూబెక్ ఊళ్ళో లేడు. అణుచుకుంటే ఆగేదైతే ఎందుకు ఆపుకోడూ? చెప్పేవాళ్ళకేం, నోరుంది చెప్తారు.

పోయిన చలికాలం ల్యూడర్స్ అనే డాక్టరమ్మ పది వారాలు కూర్చోబెట్టి వేరే దారి నేర్పింది. భుజం ఎగిరేముందు మెడ కింద సన్నగా దురదలాంటిది పుడుతుంది. దాన్ని కనిపెట్టి, మోచేతులు రెండూ పక్కటెముకలకి ఆనించి, అది దానంతటదే పోయేదాకా మెల్లగా ఊపిరి వదలాలి.

"ఏం చూస్తే ఎక్కువవుతుందో రాసుకు రండి" అందామె.

అతను మొట్టమొదట రాసింది కళావరు జాకీ. ముగ్గురాడే స్కాట్ అనే పేకాటలో అన్నిటికన్నా పెద్ద ముక్క. ఆమె నవ్వలేదు, మరుసటి వారం పేక కట్టే తెచ్చింది. ఆమె ముక్క చూపించడం, అతను మోచేతులు ఆనించడం. ఎన్ని వందల సార్లో. చివరికి జాకీ ఉత్త జాకీ అయింది. చూసినా భుజం ఊరుకుంది.

స్కాట్ అంటే ఎగ్గర్ట్‌కి ప్రాణం. ఒకప్పుడు ప్రతి ఆదివారం పొద్దున్నే వాకెనిట్స్ ఏటి ఒడ్డున హిన్రిక్ బీరుకొట్టులో ముగ్గురూ కూర్చునేవాళ్ళు, అతనూ, హిన్రిక్, వాళ్ళతో బళ్ళో చదివిన వీబ్కే. కిటికీలోంచి పడవలు, బల్లమీద హెర్రింగ్ చేప పెట్టిన రొట్టె, వీబ్కే నోటి దురుసు.

ఆ ఆదివారాలని వదులుకున్నది అతనే. ఇరవై ఏళ్ళ కిందట ఓ రోజు గమనించాడు. తను ముక్కలెత్తగానే ఇద్దరూ తలలెత్తి పైనున్న ఆకుపచ్చ దీపం వంక చూస్తున్నారు. నన్ను చూడలేక మొహాలు తిప్పుకుంటున్నారు అనుకున్నాడు. ఒంట్లో బాగాలేదని లేచి వచ్చేశాడు. మళ్ళీ వెళ్ళలేదు.

ఇప్పుడు అతని బదులు ఆడుతున్న మూడో మనిషి కీల్ అనే ఊరికి వెళ్ళిపోయాడు. చేపల అంగట్లో హిన్రిక్ కనబడి "ఆటకి రావేంరా" అన్నాడు. ఎగ్గర్ట్ ఒప్పుకున్నాడు. ఈసారి కూడా మొహాలు తిప్పుకుంటే చచ్చినా ఆ గడప తొక్కనని ఒట్టు పెట్టుకుని మరీ వెళ్ళాడు.

"ముసలాడివైపోయావోయ్" అంది వీబ్కే.

"నువ్వు పుట్టడమే ముసలిదానిగా పుట్టావు."

హిన్రిక్ పంచాడు. తలా మూడు, మళ్ళీ నాలుగు, మళ్ళీ మూడు. ఎగ్గర్ట్ ముక్కలెత్తాడు. కళావరు జాకీ. దురద సన్నగా తలెత్తింది. మోచేతులు ఆనించాడు, ఊపిరి వదిలాడు. పోయింది. భుజం కదల్లేదు. గర్వంగా తలెత్తి చూశాడు.

ఇద్దరూ పైకి చూస్తున్నారు.

ముక్కలు బల్లమీద బోర్లా పెట్టేశాడు. "నేనిప్పుడు కదలడం లేదు. ఇంకా నన్ను చూడలేరా మీరు?"

"చూడలేకపోవడమేంట్రా?" అన్నాడు హిన్రిక్ అయోమయంగా. "చూస్తే నీ ముక్క తెలిసిపోదూ? కళావరు జాకీ వస్తే నీ భుజం ఆగేది కాదు. అది చూసి ఆడితే దొంగాటే. అందుకే ఇక్కడ ఆట మొదలెట్టినప్పుడే మేమిద్దరం ఒట్టేసుకున్నాం, నువ్వు ముక్కలెత్తి సర్దుకునేదాకా దీపం వంక చూడాలని."

"నీకు తెలుసనే అనుకున్నాం" అంది వీబ్కే.

ఇరవై ఏళ్ళ ఆదివారాలు. వెయ్యికి పైనే. ఒక్కసారి అడిగుంటే సరిపోయేది. ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

మొహం తుడుచుకుని "మళ్ళీ పంచు. ఈసారి నన్నే చూడండి, నా ముక్కేంటో మీకు తెలియదు" అన్నాడు.

పంచారు. ఎత్తాడు. ఇద్దరి మెడలూ వాటంతటవే పైకి లేచాయి.

"చూడమన్నానా?"

"ఏం చెయ్యను, అదే లేస్తోంది" అన్నాడు హిన్రిక్ మెడ రుద్దుకుంటూ. "మీ డాక్టరమ్మ దగ్గరికి నన్నూ తీసుకుపో."

ఎగ్గర్ట్ కూడా తలెత్తాడు. ఆకుపచ్చ దీపం అక్కడ లేదు. పదేళ్ళ కిందటే తీసేశారట. వాళ్ళిద్దరూ ఇందాకట్నుంచీ చూస్తున్నది ఉత్త పైకప్పు.