బంగారు తొడుగు వేసిన బ్యాటరీలు

ఉతకడానికి తీసిన భర్త చొక్కా జేబులో సూచిన్‌కి నాలుగు స్క్రూలు, ఒక చిన్న స్పానరు, వాటి నడుమ బంగారు రంగు ప్లాస్టిక్ తొడుగుతో ఒక బ్యాటరీ దొరికాయి. బొటనవేలంత బ్యాటరీ. తొడుగు ఒకపక్క గీసుకుపోయి లోపలి ఇనుము కనబడుతోంది. చూడగానే ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"ఇదెక్కడిదయ్యా నీకు?"

జియాంగ్వో గంజి తాగుతున్నవాడు తల కూడా ఎత్తలేదు. "మీ ఓనరు హోవ్ ఇచ్చాడు, నా యాభయ్యో పుట్టినరోజని. నా చిన్న సిగరెట్ మిషన్‌లోకి, ఆవిరి లాగేదాన్లోకి. దాని మీద అంకె చూశావా? నాలుగు ఎనిమిదులు! ఎనిమిదంటేనే మనకి అదృష్టం, అంత శుభంగా ఉందని మురిసిపోయా."

"ఇంత దాన్లో ఎనిమిది వేల మిల్లీయాంపుల ఛార్జి ఎలా పడుతుంది? వెయ్యి పడితే గొప్ప. టీ కప్పులో బిందెడు నీళ్లు పోశానంటే నమ్ముతావా? పైగా స్క్రూలతో కలిపి గుండె మీద జేబులో వేసుకుంటావా? ఇటు ఒక స్క్రూ, అటు ఒక స్క్రూ తగిలిందంటే అంటుకుంటుంది! నువ్వు లిఫ్టు బాగుచేస్తూ గుంతలో వేలాడుతుంటే చొక్కా విప్పడానికి చేతులెక్కడివి నీకు?"

"పెద్దమనిషి చేత్తో ఇస్తుంటే వద్దని ఆయన ముఖం చిన్నబుచ్చమంటావా? అయినా మీ కొట్లోదే కదే!"

సూచిన్ బ్యాటరీని వెలుతురుకి తిప్పి తొడుగు అంచు చూసింది. మా కొట్లోదే. నిజమే మరి.

చైనాలో షెంజెన్ ఊరి ఎలక్ట్రానిక్స్ బజారు నాలుగో అంతస్తులో, గజం వెడల్పు అద్దాల బల్ల వెనక, పదకొండేళ్లుగా బ్యాటరీలు పరీక్షించి ఇవ్వడం ఆమె పని. ఎవరొచ్చి బ్యాటరీ అడిగినా, "ముందు మీ మిషన్ చూపించండి" అనేది. పొడవు, లావు సరిపోతాయా, మొన ఎత్తుగా ఉండాలా చదునుగా ఉండాలా, ఆ మిషన్ లాగేంత కరెంటు ఇది వేడెక్కకుండా ఇవ్వగలదా, తొడుగు ఎక్కడైనా చిరిగిందా, అన్నీ చూశాకే చేతిలో పెట్టేది. అంత చాదస్తమేమిటని పక్క కొట్లవాళ్లు నవ్వేవారు. నవ్వనీ అనుకునేది.

పోయిన వారం హోవ్ ఒక గోతం తెచ్చి ఆమె ముందు కుమ్మరించాడు. పాత మిషన్లలోంచి పీకిన బ్యాటరీలు. కొసల మీద పాత అతుకుల మచ్చలు కూడా పోలేదు. "ఎగ్జిబిషన్ అలంకరణకి సూచిన్, అమ్మేవి కావు. బంగారు తొడుగులు వేసెయ్" అన్నాడు. వేడిగాలి మిషన్ పట్టుకుని రెండు రోజులు కూర్చుని అన్నిటికీ తొడుగులు బిగించింది. నమ్మింది! అందరి మిషన్లూ అడిగి అడిగి చూసే మనిషి, ఆ ఒక్క మాటను మాత్రం తిప్పి చూడలేదు.

తన గంజి గిన్నె అలాగే వదిలేసి ఆమె బజారుకు బయలుదేరింది.

కొట్లో హోవ్ టీ పోస్తున్నాడు. ఎదురుగా చాంగ్‌షా ఊరి నుంచి వచ్చిన హుయిఫెన్ అనే వ్యాపారి కూర్చుని ఉంది. ఆమెకు తొమ్మిది సిగరెట్ మిషన్ల దుకాణాలున్నాయి. బల్ల మీద ట్రే నిండా బంగారు రంగు బ్యాటరీలు.

"రా సూచిన్, వేళకి వచ్చావ్! మా చెకింగ్ అంతా ఈవిడదే మేడమ్. ఈవిడ చెయ్యి పడిందంటే ఇక చూసుకోనక్కర్లేదు" అన్నాడు హోవ్ పళ్లికిలిస్తూ.

సూచిన్ ఆ ట్రేలోంచి ఒకటి తీసి, బ్లేడుతో తొడుగు చీల్చి, హుయిఫెన్ ముందు పెట్టింది. తుప్పు మరక, పాత అతుకు మచ్చ బయటపడ్డాయి.

"ఏంటా పని! పైన మచ్చుంటే లోపల పనిచెయ్యదా?" హోవ్ గొంతు లేచింది. చుట్టుపక్కల బల్లల దగ్గర బేరాలు ఆగిపోయాయి.

"పనిచేస్తుందా? అయితే ఇదిగో కొత్తగా మెరిసేది ఇంకోటి. మీ మెడలో వేలాడుతోందే, ఆ మిషన్‌లో వేసి రెండు దమ్ములు లాగండి."

"నా మిషన్‌కి ఇది పట్టదు."

"పడుతుంది. దానికి బ్యాటరీ ఎంచి ఇచ్చింది నేనే. లాగండి! లాగి, మా ఆయనలాగే జేబులో వేసుకుని సాయంత్రం దాకా తిరగండి. పుట్టినరోజు బహుమానమని మా ఇంటికే పంపారు కదా, మీకెందుకు భయం?"

హోవ్ నవ్వబోయాడు. చెయ్యి మాత్రం మెడ దాకా లేవలేదు. అందరూ ఆ చెయ్యినే చూస్తున్నారు. హుయిఫెన్ ట్రేని రెండు చేతులతో అవతలికి నెట్టేసింది.

"ఇంతకుముందు ఎంతమందికిచ్చారు?" అని అడిగింది.

"ఓ నలభై మందికి. ఎవరికేమైందని? ఒక్కడైనా వచ్చి అడిగాడా?"

"ఇంకా కాలేదు, అంతే!" అని అరిచింది సూచిన్.

"నువ్వు పతివ్రత కబుర్లు చెప్పకు. ఆ తొడుగులు ఎవరి చేతులేశాయ్? నేనా వేసింది?"

"నేనే వేశా. ఈ చేతులే. సిగ్గుతో చస్తున్నా. అందుకే చెప్తున్నా, వినండందరూ! ఆ బ్యాటరీలు పాడువి, వాటికి కొత్త బట్టలు తొడిగింది నేను!"

"రేపట్నుంచి ఈ కొట్లో అడుగు పెట్టావంటే..."

ఆమె వినలేదు. కొన్నవాళ్ల నంబర్లున్న కొట్టు ఫోను చేతిలోకి తీసుకుంది. హోవ్ లాక్కోబోతే హుయిఫెన్ అడ్డం నిలబడింది. సూచిన్ నడవలో స్టూలు వేసుకుని కూర్చుని మొదటి నంబరు నొక్కింది. చాలాసేపు మోగాక ఎవరో మగమనిషి ఎత్తాడు. వెనక రోడ్డు రొద, హారన్లు వినిపిస్తున్నాయి.

"ఎవరండీ?"

"ముందు నీ జేబులోది తీసి బయట పెట్టు అన్నా. నేనెవరో తర్వాత చెప్తాను."